ఎస్11 బాగుంది, లింకు మాత్రం నిలవట్లేదు: 2.3–3.7 గిగాహెర్ట్జ్ సర్క్యులర్ పోలరైజ్డ్ యాంటెన్నా, ఒక కేస్ స్టడీ

క్లయింటు మొదటి మీటింగుకే ఒక పాత శాంపిల్ వెంట తెచ్చారు. అరచేయంత ప్యాచ్ యాంటెన్నా, దాని కింద వేలిగోరంత 90 డిగ్రీల హైబ్రిడ్ చిప్, ఆ పక్కన ఒక 50 ఓమ్‌ల రెసిస్టరు. అంతకుముందు వేరెవరో చేసిచ్చినది. దాంతోపాటు మడతలు పడిన ఒక గ్రాఫు కాగితం: 2 నుంచి 4 గిగాహెర్ట్జ్ వరకు ఎస్11 (పంపిన పవర్‌లో వెనక్కి తిరిగొచ్చేది ఎంతో చెప్పే కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) గీత ఎక్కడా మైనస్ 15 డీబీ దాటి పైకి రాలేదు. ఆయన అడిగింది ఒకటే. "గ్రాఫు ఇంత ముచ్చటగా ఉంది కదండీ, మరి 2.35లోనూ 3.6లోనూ లింకు ఎందుకు నిలవట్లేదు?"

నెట్‌వర్క్ అనలైజర్‌కి తగిలించి చూశాను. గ్రాఫులో అబద్ధమేమీ లేదు, నా తెర మీదా అదే గీత. ఆంప్లిఫయర్‌తో 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక వాట్ పంపి ఆ రెసిస్టరు మీద వేలు పెట్టాను. చల్లగానే ఉంది. 2.35కి మార్చి, కాసేపాగి మళ్లీ పెట్టబోయి చటుక్కున వెనక్కి తీశాను. చుర్రుమంది. (అలా వేలు పెట్టి చూడటం మంచి అలవాటేమీ కాదు. ఎవరికీ సలహా ఇవ్వను.)

జవాబు అక్కడే దొరికింది. హైబ్రిడ్ వచ్చిన పవర్‌ని రెండు సమాన భాగాలు చేసి, 90 డిగ్రీల ఫేజ్ తేడాతో ప్యాచ్‌కున్న రెండు ఫీడ్‌లకు (సిగ్నల్ ఇచ్చే చోట్లకు) పంచుతుంది. సర్క్యులర్ పోలరైజేషన్, అంటే ఎలక్ట్రిక్ ఫీల్డ్ గుండ్రంగా తిరిగే అల, పుట్టేది అలాగే. ఆ ఫ్రీక్వెన్సీని ప్యాచ్ ఒప్పుకోకపోతే రెండు ఫీడ్‌ల నుంచీ పవర్ తిరిగొస్తుంది. తిరిగొచ్చిన ఆ రెండు అలలూ ఇన్‌పుట్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఐసోలేటెడ్ పోర్టు (హైబ్రిడ్‌కున్న నాలుగో కొన) దగ్గర మాత్రం కలిసిపోతాయి. అక్కడ రెసిస్టరు కాచుకుని ఉంది, మింగేస్తుంది. కాబట్టి ఇన్‌పుట్‌లో ఎస్11 అద్భుతం. రెండు ఫీడ్‌లూ ఒకేలా చెడ్డాయి కాబట్టి యాక్సియల్ రేషియో (ఆ తిరుగుడు ఎంత గుండ్రంగా ఉందో చెప్పే కొలత) కూడా పెద్దగా చెక్కుచెదరదు. పోయేది గెయిన్ (కావలసిన దిశలో వెళ్లే సిగ్నల్ బలం) ఒక్కటే. ప్యాచ్ 70 శాతం తిప్పికొడితే గాల్లోకి వెళ్లేది 30 శాతం, అంటే 5 డీబీకి పైగా నష్టం. ఆ శాంపిల్‌తో పాటు గెయిన్ గ్రాఫు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఎస్11 చెప్పేది ఒక్కటే: పంపిన పవర్ వెనక్కి రాలేదని. అది ఎక్కడికి పోయిందో చెప్పదు. ఆ మాటకొస్తే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కి ఏ యాంటెన్నాకీ లేనంత మంచి ఎస్11 ఉంటుంది. అందుకే వైడ్‌బ్యాండ్ అన్న మాట వినగానే నేను మూడు గీతలు ఒకే కాగితం మీద అడుగుతాను: ఎస్11, యాక్సియల్ రేషియో, రియలైజ్డ్ గెయిన్ (నష్టాలన్నీ పోగా మిగిలే గెయిన్). మూడూ ఒకేసారి బాగున్న మేరకే బ్యాండ్‌విడ్త్. ఈ పనిలో నన్ను ఏడిపించింది మధ్యది.

అడిగింది ఏమిటి

సీలింగుకు బిగించి కిందికి చూసే యాంటెన్నా కావాలి. కింద తిరిగే మిషన్ల చేతుల చివర చిన్న విప్ యాంటెన్నాలు ఉంటాయి. వాటిది లీనియర్ పోలరైజేషన్ (ఫీల్డ్ తిరగదు, ఒకే గీత వెంట ఊగుతుంది), అవి ఏ క్షణాన ఎటు వాలి ఉంటాయో ఎవరూ చెప్పలేరు. చుట్టూ ఇనుప రాక్‌లు. బ్యాండ్ 2.3 నుంచి 3.7 గిగాహెర్ట్జ్: 5జీలో ఎన్40 అనే 2.3–2.4, ఆ పైన వైఫై నడిచే 2.4–2.4835, ఇంకా ఎన్78లో 3.7 దాకా ఉన్న భాగం, ఇవన్నీ ఒకే యాంటెన్నాతో సరిపెట్టాలి. మధ్య ఫ్రీక్వెన్సీ 3 గిగాహెర్ట్జ్, వెడల్పు 1.4. అంటే దాదాపు 47 శాతం. కొలతలు 120 మి.మీ. చదరం, మందం 40 మి.మీ. మించకూడదు. ఒకటే ఎస్‌ఎంఏ కనెక్టర్. గెయిన్ కనీసం 6.5 డీబీఐసీ (సర్క్యులర్ యాంటెన్నాల గెయిన్‌కి వాడే కొలమానం). యాక్సియల్ రేషియో 3 డీబీ లోపు. పక్కపక్కన రెండు యాంటెన్నాలు పెడతారు, ఒకటి కుడి చేతి పోలరైజేషన్, ఒకటి ఎడమ. ఈ చివరి మాటని అప్పుడు తేలిగ్గా తీసుకున్నాను.

సర్క్యులర్ ఎందుకంటే, ఇటు లీనియర్ అటు లీనియర్ ఉండి రెండూ అడ్డంగా పడితే సిగ్నల్ సిద్ధాంతం ప్రకారం సున్నా. గదిలో ప్రతిఫలనాల వల్ల పూర్తిగా సున్నా కాదుగానీ, 20 డీబీ పడిపోవడం మామూలే. సీలింగు మీద సర్క్యులర్ ఉంటే విప్ ఎటు తిరిగినా 3 డీబీ పోతుంది. ఎప్పుడూ అంతే పోతుంది. లింకు లెక్క వేసేవాడికి అప్పుడప్పుడు పోయే 20 కన్నా ఎప్పుడూ పోయే 3 వెయ్యి రెట్లు నయం.

యాక్సియల్ రేషియో అన్న మాటని క్లయింటుకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఈ సందర్భమే సాయం చేసింది. సీలింగు యాంటెన్నా ముందు ఒక విప్‌ను గుండ్రంగా తిప్పితే సిగ్నల్ ఎంత హెచ్చుతగ్గులవుతుందో అదే, డీబీల్లో, యాక్సియల్ రేషియో. 3 డీబీ ఉంటే నష్టం 1.8కీ 4.8కీ మధ్య ఊగుతుంది. "ఓహో, చెయ్యి తిప్పినప్పుడు మా మీటరు ఊగేది ఇదేనన్నమాట," అన్నారాయన. అక్కడి నుంచి ఆయనతో మాట్లాడటం సులువైంది.

ఏవి వద్దనుకున్నాం

మూలలు కత్తిరించిన ప్యాచ్ చూడటానికి అందంగా ఉంటుంది, కానీ దాని యాక్సియల్ రేషియో బ్యాండ్ ఒకటి రెండు శాతం. హెలిక్స్‌కి బ్యాండ్ బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, చుట్టుకొలత 100 మి.మీ. పెట్టుకుని ఆరు చుట్లు చుడితే ఎత్తు 130 మి.మీ. దాటుతుంది. మనకున్నది 40. స్పైరల్ రెండు వైపులా ప్రసరిస్తుంది. వెనక వైపు దాన్ని అబ్జార్బర్‌తో మింగిస్తే సగం పవర్ బూడిదలో పోసినట్టే, పైగా సిద్ధాంతం ప్రకారం దాని ఇంపెడెన్స్ 188 ఓమ్‌లు, 50కి దించడానికి మళ్లీ ఒక బాలన్. లుక్ క్వాయ్-మన్, ఆయన సహచరుడు 2006లో పరిచయం చేసిన మ్యాగ్నెటో-ఎలక్ట్రిక్ డైపోల్ మీద చాలాసేపు ఆశపడ్డాను. గెయిన్ బ్యాండ్ అంతటా నిలకడగా ఉంటుంది. కానీ నిలువు రాగి గోడలు, వాటి వంపులు, చేతి పని. వందల సంఖ్యలో చెయ్యాల్సిన వస్తువుకి అంత చేతి పని పెట్టలేం.

మిగిలింది క్రాస్డ్ డైపోల్, అంటే ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు డైపోల్‌లు. ఒకే బోర్డు, రెండు పొరలు, ఒకే కో-యాక్స్, కింద అల్యూమినియం రిఫ్లెక్టర్. హైబ్రిడ్ లేదు, రెసిస్టరు లేదు, కాబట్టి వెనక్కి వచ్చిన పవర్ దాక్కోవడానికి చోటు కూడా లేదు. ఇందులో ఎస్11 కనీసం నిజమే మాట్లాడుతుంది.

రింగు లెక్క

బోర్డుని మ్యాపులా ముందు పెట్టుకోండి. పై పొర మీద రెండు చేతులు, ఒకటి ఉత్తరానికి, ఒకటి పడమరకి. కింది పొర మీద దక్షిణం, తూర్పు. కో-యాక్స్ లోపలి తీగ పై పొరకి, బయటి తొడుగు కింది పొరకి. సిగ్నల్ ఉత్తరం చేతికి నేరుగా వెళ్తుంది. పడమర చేతికి వెళ్లాలంటే మాత్రం ముప్పావు వంతు రింగు చుట్టి రావాలి. ఆ ముప్పావు రింగు పొడవు పావు తరంగదైర్ఘ్యం, అంటే 90 డిగ్రీల ఆలస్యం. ముందు ఉత్తరం, పావు చక్రం తర్వాత పడమర, ఆ తర్వాత దక్షిణం, తూర్పు. ఎదురుగా నిలబడి చూస్తే ఎలక్ట్రిక్ ఫీల్డ్ గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. అదే ఐఈఈఈ నిర్వచనం ప్రకారం కుడి చేతి పోలరైజేషన్: అల వెళ్లే దిశలో బొటనవేలు పెడితే కుడి చేతి వేళ్లు ముడుచుకునే దిశ.

3 గిగాహెర్ట్జ్ దగ్గర గాల్లో తరంగదైర్ఘ్యం 100 మి.మీ. లెక్కలకి ఇంత అనుకూలమైన సంఖ్య అరుదుగా దొరుకుతుంది. బోర్డుకి 0.813 మి.మీ. మందం ఉన్న ఆర్‌ఓ4003సీ అనే మైక్రోవేవ్ బోర్డు పదార్థం తీసుకున్నాను. పలుచని బోర్డు, రెండు పక్కలా గాలి, కాబట్టి రింగు మీద పావు తరంగం 20 మి.మీ. చుట్టుపక్కల వస్తుంది. ముప్పావు చుట్టు 20 మి.మీ. అంటే రింగు వ్యాసార్థం 4.2 మి.మీ. రిఫ్లెక్టర్ పైన ఎత్తు 25 మి.మీ., అదీ పావు తరంగమే.

ఇక్కడ సిములేషన్ మొదలుపెట్టకముందే కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకోవాలి. చాలామంది వెయ్యరు, నేనూ మొదట్లో వేసేవాణ్ణి కాదు. రింగు ఆలస్యం ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. 3 దగ్గర 90 డిగ్రీలైతే 2.3 దగ్గర 69, 3.7 దగ్గర 111. అంటే రెండు అంచుల్లోనూ 21 డిగ్రీల తప్పు. రెండు డైపోల్‌లకీ పవర్ సరిసమానంగా వెళ్లిందనుకున్నా, 21 డిగ్రీల ఫేజ్ తప్పుకి యాక్సియల్ రేషియో 3.3 డీబీ. హద్దు 3 డీబీ అంటే అనుమతించే ఫేజ్ తప్పు 19.5 డిగ్రీలే. పవర్ పంపకంలో తేడా కూడా వస్తే (అది రాకుండా ఉండదు) ఆ కొంచెం కూడా మిగలదు. కాబట్టి రింగుని ఎంత చెక్కినా, ఆప్టిమైజర్‌ని రాత్రంతా పరిగెత్తించినా, ఒట్టి రింగుతో 47 శాతం రాదు. రాదని తెలిశాక మూడు రోజుల కంప్యూటర్ సమయం మిగిలింది.

పక్కమాట ఒకటి. ఎత్తు కూడా పావు తరంగమే కాబట్టి అంచుల్లో దానికీ అవే 69, 111 డిగ్రీలు. అయినా ఎత్తు వల్ల వచ్చే తప్పు బోర్‌సైట్‌లో (యాంటెన్నాకి సరిగ్గా ఎదురుగా) యాక్సియల్ రేషియోని పాడుచెయ్యదు. ఎత్తు రెండు డైపోల్‌లకీ ఒకటే, నష్టం ఇద్దరికీ సమానంగా పడుతుంది. రింగు తప్పు ఒక్కరి నెత్తి మీదే పడుతుంది. సర్క్యులర్ పోలరైజేషన్‌లో ఏ తప్పునైనా నేను ముందు ఇలాగే విడదీస్తాను: ఇద్దరికీ సమానమా, ఒక్కరికేనా? సమానమైతే గెయిన్‌లో వెతకాలి, ఒక్కరికే అయితే యాక్సియల్ రేషియోలో.

మధ్యలో క్లయింటు ఎత్తుని 18 మి.మీ.కి తగ్గించమన్నారు. 2.3 దగ్గర అది తరంగదైర్ఘ్యంలో 0.14 వంతు కూడా లేదు. డైపోల్ తన నీడ మీద తానే కూర్చున్నట్టుంటుంది, రేడియేషన్ రెసిస్టెన్స్ పడిపోతుంది, ఎస్11 కింది అంచు ఎగిరిపోతుంది. కుదరదన్నాను. ఆయన కూడా పట్టుబట్టలేదు.

రెండో లోయ

ఒట్టి రింగు, 21 మి.మీ. పొడవు, 11 మి.మీ. వెడల్పు ఉన్న నాలుగు చేతులు. చేతులు వెడల్పుగా పెట్టింది ఇంపెడెన్స్ నిదానంగా మారడానికి. సిములేషన్‌లో ఎస్11 మైనస్ 10 డీబీ కింద 2.2 నుంచి 3.9 దాకా. అదే పని అనుకుంటే అక్కడితో అయిపోయినట్టే. యాక్సియల్ రేషియో మాత్రం 2.85 దగ్గర ఒకే ఒక లోయ, 3 డీబీ లోపు 2.6 నుంచి 3.15 వరకే. 19 శాతం.

ఇంకో లోయ కావాలి, అది 3.5 దగ్గర పడాలి. దానికి పారసైటిక్‌లు పెట్టాను: చేతికీ చేతికీ మధ్య ఖాళీగా ఉన్న నాలుగు మూలల్లో నాలుగు ఎల్ ఆకారపు రాగి పట్టీలు. వాటికి ఫీడ్ లేదు, పక్క చేతి అంచు నుంచి సందులోంచి శక్తి దూకుతుంది. దూకడంలో ఆలస్యం ఉంటుంది. చేతుల్లో కరెంటు ఎటు తిరుగుతోందో, పట్టీల్లో కరెంటు కూడా ఒక అడుగు వెనగ్గా అటే తిరిగేలా చూసుకోవాలి. పట్టీ ఎల్ వంపు తప్పు వైపు పెడితే వ్యతిరేకంగా తిరిగి ఉన్న లోయ కూడా పూడిపోతుంది. మొదటి ప్రయత్నంలో నాకు జరిగింది అదే.

మొత్తం డిజైన్ ఆ సందు వెడల్పు మీదే నిలబడింది. 1.2 మి.మీ. పెడితే పట్టీలకి శక్తి అందదు, రెండో లోయ కనబడదు. 0.3 పెడితే బంధం మరీ గట్టిపడి రెండు లోయలూ దూరంగా జరుగుతాయి, మధ్యలో 3.1 దగ్గర గుట్ట లేచి 4 డీబీకి చేరుతుంది. రెండు ఊయలల్ని తాడుతో కడితే ఎంత బిగించి కడితే రెండు లయలు అంత విడిపోయినట్టు. 0.6 దగ్గర గుట్ట 2.3 డీబీకి దిగింది, లోయలు 2.5, 3.5 దగ్గర స్థిరపడ్డాయి. సిములేషన్‌లో 3 డీబీ లోపు 2.28 నుంచి 3.72. గుట్టని ఇంకా దించబోతే అంచులు లోపలికి వస్తాయి. 3 డీబీ హద్దు అయినప్పుడు మధ్యలో 1 డీబీ ఉంచుకోవడం దండగ, ఆ డబ్బు అంచుల్లో ఖర్చుపెట్టాలి.

మూడు కాళ్ల పీట

బోర్డులు వచ్చాయి. అసెంబుల్ చేసి ఛాంబర్‌లో (ప్రతిఫలనాలు లేని కొలత గదిలో) పెట్టాం. ఎస్11 2.22 నుంచి 3.85, సిములేషన్‌తో దాదాపు సరిపోయింది. యాక్సియల్ రేషియో కోసం ఎదుటి హార్న్‌ని (కొలతకి వాడే లీనియర్ యాంటెన్నాని) దాని అక్షం మీద తిప్పుతూ గరిష్ఠం, కనిష్ఠం చదివాం. దూరం 3 మీటర్లు. ఇంత చిన్న యాంటెన్నాకి ఫార్ ఫీల్డ్ (కొలత నమ్మదగినంత దూరం) ముప్పావు మీటరు లోపే మొదలవుతుంది, కాబట్టి దూరం మీద అనుమానం అక్కర్లేదు.

2.7 గిగాహెర్ట్జ్ దగ్గర గీత ఒక్కసారిగా లేచి 6 డీబీ తాకి దిగింది. వెడల్పు ఓ వంద మెగాహెర్ట్జ్. సిములేషన్‌లో అక్కడ 1.5 ఉండాలి.

ముందు ఛాంబర్‌ని అనుమానించాను. యాంటెన్నాని దాని అక్షం మీద 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచాను. గుట్ట అక్కడే ఉంది, కాబట్టి జబ్బు యాంటెన్నాదే. తర్వాత కో-యాక్స్. బ్యాలెన్స్ లేని కో-యాక్స్‌తో డైపోల్‌ని ఫీడ్ చేస్తే బయటి తొడుగు మీద కరెంటు పాకడం పాత రోగం. రిఫ్లెక్టర్ వెనక కేబుల్‌కి ఫెరైట్‌లు తొడిగాను. గుట్ట చెక్కుచెదరలేదు. సోల్డర్ జాయింట్‌లు నాలుగూ కరిగించి మళ్లీ వేశాను. లాభం లేదు. అప్పుడు ఎస్11 గీతని పెద్దది చేసి చూస్తే 2.7 దగ్గర నువ్వుగింజంత నొక్కు. తెలియనివాడు చూస్తే కాలిబ్రేషన్ లోపం అనుకుని వదిలేసేటంత.

అంత సన్నని నొక్కు అంటే ఏదో చిన్న వస్తువు ఎక్కడో మోగుతోంది. ఏమిటది? బోర్డుని చేతిలోకి తీసుకుని ఒకసారి పక్కనుంచి చూశాను. బోర్డుని రిఫ్లెక్టర్ మీద నిలబెట్టినవి మూడు ఇత్తడి స్టాండాఫ్‌లు. సిములేషన్ మోడల్‌లో అవి లేవు. నేను పెట్టలేదు, మెకానికల్ డ్రాయింగు తర్వాత వచ్చింది. 25 మి.మీ. ఎత్తు, పైన స్క్రూ తల ఓ 3 మి.మీ. మొత్తం 28. కింద రిఫ్లెక్టర్‌కి గట్టిగా గ్రౌండ్ అయి, పైన తెరిచి ఉన్న 28 మి.మీ. లోహపు కడ్డీని మనవాళ్లు ఏమంటారు? పావు తరంగ మోనోపోల్ అంటారు. 300ని 112తో భాగిస్తే 2.68. నేను ఒక యాంటెన్నా డిజైన్ చేశాను, మెకానికల్ విభాగం ఇంకో మూడు చేసింది.

ఖాయం చేసుకోవడానికి బోర్డు విప్పక్కర్లేదు. మూడు స్క్రూ తలల మీదా ఒక్కో చిన్న నట్టు కండక్టివ్ టేపుతో అంటించి ఓ 2 మి.మీ. పెంచాను. గుట్ట 2.7 నుంచి 2.5 వైపు జరిగింది. అంటే నేరస్థులు వాళ్లే.

మెకానికల్ సహోద్యోగిని పిలిచి చూపిస్తే ఆయన అన్నదానిలో కూడా తప్పు పట్టలేం. "మూడు కాళ్ల పీట కదలదు కదండీ, నాలుగోది పెడితే ఒకటి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. అందుకే మూడు పెట్టాను." మెకానికల్‌గా వంద శాతం నిజం. కానీ నా బోర్డుకి నాలుగు వైపులా ఒకేలా ఉండే సౌష్ఠవం ఉంది. 90 డిగ్రీలు తిప్పితే (ఫీడ్ సంగతి పక్కన పెడితే) తేడా తెలియకూడదు. నాలుగు కడ్డీలు నాలుగు చేతుల కింద ఒకే చోట పెట్టి ఉంటే, అవి మోగినా రెండు డైపోల్‌లనూ సమానంగా బాధించేవి, బోర్‌సైట్‌లో గెయిన్ కాస్త తగ్గి ఊరుకునేది. మూడు పెట్టేసరికి ఒకటి సరిగ్గా ఉత్తరం చేతి కొస కింద పడింది, మిగతా రెండూ మూలల్లోకి వెళ్లాయి. చేతి కొస దగ్గర ఫీల్డ్ నిలువుగా, బలంగా ఉంటుంది. అక్కడున్న కడ్డీ ఉత్తర-దక్షిణ డైపోల్‌కి మాత్రమే తగులుతుంది. మళ్లీ అదే ప్రశ్న: ఇద్దరికీ సమానమా, ఒక్కరికేనా?

ఇత్తడి తీసి నైలాన్ పెట్టాం. గుట్ట మాయం. ఆ తర్వాత మా ఇద్దరికీ కాస్త బేరం నడిచింది. సీలింగు అదురుతుంది, నైలాన్ మర వదులవుతుందని ఆయన భయం. చివరికి కో-యాక్స్‌నే నడిమి స్తంభం చేశాం: మామూలు కేబుల్ తీసేసి సెమీ-రిజిడ్ వాడి, దాని తొడుగుని రిఫ్లెక్టర్‌లోని బుష్‌కి సోల్డర్ చేశాం. సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి ఎవరికీ పక్షపాతం లేదు. బరువు అది మోస్తుంది, చుట్టూ నాలుగు నైలాన్ కాళ్లు బోర్డు ఊగకుండా చూస్తాయి.

కుడి ఎడమల తగువు

ఎడమ చేతి యాంటెన్నా కోసం బోర్డు ఫైలుని అద్దంలో తిప్పినట్టు తిప్పి పంపాను. వచ్చాయి, అసెంబుల్ అయ్యాయి, యాక్సియల్ రేషియో కొలిస్తే కుడిదానికీ ఎడమదానికీ గీతలు ఒకేలా వచ్చాయి. సంతోషించాను. రెండూ పక్కపక్కన పెట్టి సిస్టమ్ టెస్ట్ చేస్తే మాత్రం రెండు పోర్టుల్లోనూ ఒకే కథ, డైవర్సిటీ లాభం (రెండు యాంటెన్నాలు వేర్వేరుగా వినడం వల్ల రావాల్సిన లాభం) అసలు కనబడలేదు.

హార్న్‌ని తిప్పే పద్ధతిలో ఉన్న లోపం ఇదే. ఎంత గుండ్రంగా ఉందో చెబుతుంది, ఎటు తిరుగుతోందో చెప్పదు. లీనియర్ హార్న్‌కి కుడి ఎడమల తేడా తెలియదు.

తేల్చుకోవడానికి హెలిక్స్ చేశాను. జాన్ క్రౌస్ 1946లో కనిపెట్టినప్పటి నుంచి దాని చేతివాటం మీద సందేహం లేదు: మామూలు స్క్రూ మర ఎటు తిరుగుతుందో అటు చుడితే కుడి చేతి పోలరైజేషన్. దాని చుట్టుకొలత తరంగదైర్ఘ్యంలో ముప్పావు నుంచి ఒకటిం పావు దాటేదాకా పనిచేస్తుంది. అంటే 32 మి.మీ. వ్యాసం ఉన్న పైపు మీద చుడితే 2.3–3.7 మొత్తం అందులోనే. ప్లాస్టిక్ పైపు ముక్క, రాగి తీగ, వెనక ఒక రేకు, చుట్టుకీ చుట్టుకీ 22 మి.మీ. ఎడం. ఒకటి స్క్రూ మరలాగా, ఒకటి ఎదురు మరగా. అరగంట పని. మ్యాచింగు చెయ్యలేదు, అవసరం లేదు, రెండింటి మధ్య తేడా తెలిస్తే చాలు.

రెండు యాంటెన్నాలూ కుడి హెలిక్స్‌కే గట్టిగా పలికాయి. ఎడమదానికి రెండూ 15 డీబీ పైగా తక్కువ. అంటే నా ఎడమ యాంటెన్నా కూడా కుడిదే.

కారణం వెతికితే నవ్వొచ్చింది. ఫైలు నేను అద్దంలో తిప్పాను. అసెంబ్లీలో బోర్డు మీద అక్షరాలు కనబడే వైపు పైకి ఉండాలని బోర్డునే వెల్లకిలా తిప్పి బిగించారు. అక్షరాల పొర నేను అటు వైపు ఉంచేసిన సంగతి నాకే గుర్తులేదు. అద్దంలో తిప్పినదాన్ని మళ్లీ వెల్లకిలా తిప్పితే పైనుంచి చూసేవాడికి మొదటి బోర్డే.

తప్పు తెలిశాక అందులోనే లాభం కనబడింది. అసలు అద్దం ఫైలు ఎందుకు? ఉన్న ఒక్క బోర్డునే తిప్పి బిగిస్తే ఎడమ చేతి యాంటెన్నా వస్తుంది. లోపలి తీగ ఏ పొరకి వెళ్లిందన్నది మొత్తం ఫేజ్‌ని 180 డిగ్రీలు మారుస్తుందేగానీ తిరిగే దిశని మార్చదు. పారసైటిక్‌లు 0.8 మి.మీ. కిందికి వెళ్తాయి, గీతల్లో తేడా కొలతల తప్పులో కలిసిపోయింది. ఇప్పుడు ఒకే బోర్డు, రెండు ముఖాలు. ఒక ముఖం మీద రాగిలోనే 'కు' అని, రెండో ముఖం మీద 'ఎ' అని చెక్కించాం. ఏ అక్షరం పైకి కనబడితే అది ఆ చేతి యాంటెన్నా.

మూత వేశాక

మూత 2 మి.మీ. ఏబీఎస్. మొదట పారసైటిక్‌ల పైన 3 మి.మీ. ఖాళీ మాత్రమే వదిలాం. పట్టీల సందుల్లో ఫీల్డ్ చిక్కగా ఉంటుంది, ప్లాస్టిక్ దగ్గరికొస్తే ముందు దెబ్బ తినేది అవే. 3.5 దగ్గరున్న లోయ 3.38కి జారింది, పై అంచు 3.72 నుంచి 3.6కి పడింది. ఖాళీని 6 మి.మీ.కి పెంచి, పట్టీల పొడవు అర మి.మీ. కోశాం. మూత లేకుండా కొలిస్తే ఇప్పుడు గీత కాస్త పైకి జరిగి కనబడుతుంది. అలా ఉండటమే సరి, వాడేది మూతతోనే కదా.

చివరి కొలతలు మూతతో: ఎస్11 మైనస్ 10 డీబీ కింద 2.21 నుంచి 3.83. బోర్‌సైట్‌లో యాక్సియల్ రేషియో 3 డీబీ లోపు 2.29 నుంచి 3.70. రియలైజ్డ్ గెయిన్ 6.6 నుంచి 8.3 డీబీఐసీ, కనిష్ఠం 3.7 దగ్గర. మూడు గీతలూ ఒకే కాగితం మీద ఇచ్చాను. క్లయింటు అనుకోకుండానో కావాలనో ముందు గెయిన్ గీతే చూశారు.

ఆ కాగితం మీద లేని విషయం ఒకటి ఆయనకి నోటితో చెప్పాను. 30 డిగ్రీలు పక్కకి వెళ్తే 3.5 దాకా యాక్సియల్ రేషియో 3 లోపే ఉంటుంది, ఆ పైన ఒక తలంలో 4.2కి పోతుంది. ప్రస్తుతం వాళ్లు 3.5 పైన వాడేది నేరుగా కింద ఉన్న మిషన్లకే కాబట్టి ఒప్పుకున్నారు. రిఫ్లెక్టర్ అంచుల్ని 12 మి.మీ. పైకి వంచి చూశాను. పక్క తలం 3.4కి దిగింది, కానీ 2.3 దగ్గర ఎస్11 మైనస్ 9కి ఎక్కింది. ఆ వంచిన రిఫ్లెక్టర్, దాని పక్కన రెండు హెలిక్స్‌లు, ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. అంచు ఎత్తుని 8కి తగ్గించిన ముక్క వర్క్‌షాప్ నుంచి రావాలి.